గంగాళం కింద వైఫై

చంద్లాపూర్‌లో యాదలక్ష్మికి ఒకటే చాదస్తం. కొత్త వస్తువు ఏదైనా కోతుల కంట పడకూడదు. ఆమెను తప్పు పట్టడానికీ లేదు. పొద్దున్నే గుట్ట దిగివచ్చే మంద ఒకసారి ఆమె చుట్టిన బీడీలను చాటతో సహా ఎత్తుకుపోయింది. ఇంకోసారి టీవీ రిమోట్‌ను మిద్దె మీద ముక్కలు చేసింది. కోతికి కొబ్బరిచిప్ప అని సామెత చెప్పి నవ్వేవాళ్ల ఇళ్లలోకి కోతులు వచ్చి ఉండవు.

భర్త ఐలయ్య పోయాక ఆమె బీడీలు చుట్టి, కూతురు వందనను డిగ్రీ దాకా చదివించింది. ఆ తంబాకు దుమ్ముకే యాదలక్ష్మి ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. తల్లిని ఒంటరిగా వదిలి పట్నం పోలేక, ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం కోసం వందన లాప్‌టాప్ కొన్నది, వైఫై పెట్టించింది.

వైఫై డబ్బాను కింది గదిలో కిటికీ పక్క స్టూలు మీద పెట్టారు. వందన పొద్దున్నే సద్ది కట్టుకుని పైగదిలోకి పోతే చీకటి పడ్డాకే దిగేది. కోతుల అలికిడి కాగానే యాదలక్ష్మి ఇత్తడి గంగాళాన్ని తెచ్చి డబ్బా మీద బోర్లించేది. దీపం పెట్టే వేళకు తీసేది. ఇంత చిన్న సంగతి ఎవరికైనా చెప్పాలని ఆమెకు తోచనే లేదు.

పైన కొత్త లాప్‌టాప్ నత్తనడక నడిచేది. పక్కింటివాళ్లు వాడుతున్నారేమోనని వందన పాస్‌వర్డ్ మార్చింది. లాప్‌టాప్‌ను సిద్దిపేటలో కొన్న దుకాణానికి తీసుకుపోతే అక్కడ లేడిలా పరుగెత్తింది.

"దీంట్ల ఏం లేదమ్మా, మీ వైఫైలనే ఉంటది కిరికిరి" అన్నాడు దుకాణదారు. వైఫై బిగించిన మల్లేశ్ ఒక సాయంత్రం వచ్చి చూశాడు. "నెట్ ఫుల్లుగొస్తుంది చెల్లె. నీ లాప్‌టాప్‌లనే ఏమన్న ఉంటది" అని పోయాడు. యాదలక్ష్మి తనకు తెలిసిన వైద్యం తాను చేసింది. ఉప్పూ మిరపకాయలూ లాప్‌టాప్ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

అంతలో ఒక కంపెనీ నుంచి పిలుపొచ్చింది. లాప్‌టాప్‌లోనే ఇంటర్వ్యూ, పొద్దున పదింటికి. ఇంట్లో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం, వైఫై ఒక్కటే దిక్కు. ఈ ఒక్క రోజన్నా ఏ ఆటంకమూ రాకూడదని యాదలక్ష్మి ముందుగానే గంగాళం బోర్లించి, పైన బరువుకు రోటి పొత్రం కూడా పెట్టింది.

"సార్, వినిపిస్తుందా? సార్?" అని పైనుంచి వందన గొంతు పదే పదే వచ్చింది. తర్వాత అదీ ఆగింది.

మంచినీళ్ల కోసం కిందికి దిగిన వందన గంగాళాన్ని చూసింది.

"అవ్వా, గిది ఎప్పటిసంది పెడ్తున్నవ్?"

"డబ్బ పెట్టిన కాడి నుంచి బిడ్డా. ఒక్క కోతిని ముట్టనియ్యలే."

వందన పొత్రం దించి గంగాళం ఎత్తింది. అరవలేదు. "ఇత్తడితోని మూస్తే నెట్ పైకి రాదవ్వా" అన్నది మెల్లగా.

యాదలక్ష్మి గోడకు చేరగిలబడింది. "ఒక్క మాట చెప్తే నేనెందుకు మూస్తుంటి బిడ్డా?"

ఆ కంపెనీవాళ్లు మళ్లీ పిలవలేదు, వేరే పిలుపూ రాలేదు. వందన ఇప్పుడు సిద్దిపేటలో బట్టల దుకాణంలో పనికి పొద్దున్నే బస్సెక్కి పోతుంది. లాప్‌టాప్ బీరువాలో ఉంది. యాదలక్ష్మి మాత్రం రోజూ కట్టె పట్టుకుని, ఆయాసపడుతూ, ఎవరూ వాడని ఆ డబ్బా పక్కన సాయంత్రం దాకా కాపలా కూర్చుంటుంది.