పొదకు కట్టిన ఎర్రగుడ్డ

దగ్గరికి జరిగి కూర్చోండి, నిదానంగా చెబుతాను. అటవీ శాఖలో నేను రిటైరయ్యే ముందరి వేసవిలో నన్ను బంగారుపేట అవతలి గుట్టకు వాచరుగా వేశారు. వాచరంటే గార్డు కింది మనిషి. గార్డుకు అప్పగించిన అడవి ముక్కను బీటంటారు. అక్కడి నుంచి ఏ మూట దిగినా విప్పి చూడడం మా పని.

ఒక పొద్దున గుట్ట కింది ఊరి మునెమ్మవ్వ ఒడిలో గడ్డలు కట్టుకుని దిగుతోంది. కూతురు బాలింత, పాలు చాలడం లేదు. పిల్లిపీచర గడ్డ దంచి పాలలో కాచి ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. ఆ తీగ వానల్లో సన్నగా, తెల్లగా పూస్తుంది. వేసవికి ఎండిపోయి గుర్తు దొరకదు. అందుకని పూత మీద ఉన్నప్పుడే గుడ్డపీలిక కట్టి పెట్టుకుంటారు.

ఒడి విప్పించాను. పిల్లిపీచర గడ్డలు చేతివేళ్లలా గుత్తిగా ఉంటాయి. ఇవి లావుగా, రెండుగా చీలి ఉన్నాయి.

“అవ్వా, ఇది నాభిగడ్డ. విషం.”

“నువ్వు నిక్కరేసుకోనప్పటి నుంచి గుడ్డ కడతా ఉండాను. ఖాకీ తొడిగితే అన్నీ తెలస్తాయా అప్పా?”

“తవ్వేది కూడా నువ్వేనా?”

“తవ్వేది ఎప్పుడూ నా కూతురే. ఈ తూరే నేను తవ్వినా,” అంది అవ్వ.

ఇద్దరం పొద దగ్గరికి పోయాం. అవ్వ కట్టిన ఎర్రగుడ్డ కలివిపొద కొమ్మకు ఉంది, తీగకు కాదు. పొద మీదికి రెండు ఎండుతీగలు ఎక్కి ఉన్నాయి. ఒకదానికి ముళ్లు, అది పిల్లిపీచర. ఇంకోదానికి ముళ్లు లేవు, ఆకుల కొనలే సుడి తిరిగి కొమ్మల్ని పట్టుకున్నాయి. ఆకుకొనతో పాకేది నాభి.

“వానల్లో ఎర్రగా, పసుపుపచ్చగా మంట మాదిరి పూస్తుందే, కన్నడంలో గౌరిహూవంటారే, అదే ఇది,” అన్నాను.

అవ్వ ఒడిలోని గడ్డలన్నీ కింద కుమ్మరించింది. “పండగకు గౌరమ్మకు పెట్టే పువ్వప్పా. ఇంగ రవ్వంత సేపుంటే నా చేత్తోనే కూతురికి విషం పోసుండేదాన్ని.”

నా సీసాలో నీళ్లతో చేతులు కడిగించాను. పిల్లిపీచర తవ్వడానికి అనుమతి అడుగుతూ గార్డుకు ఫోను చేస్తే, బాలింతకు కదా, కొంచెం తవ్వుకోనీ, గుంత పూడ్పించు అన్నాడు.

అవ్వ తన గునపం నాకు అందించింది. “నువ్వే తవ్వప్పా. నా చెయ్యి నాకే భయంగా ఉండాది.”

గునపం తిరిగి ఆమె చేతికే ఇచ్చాను. అవ్వ ముళ్లతీగను కొన నుంచి మొదలు దాకా తడుముకుంటూ వచ్చి, అక్కడే తవ్వింది. గుత్తి బయటపడింది. మట్టి దులిపి ఒక్కొక్క గడ్డా నాకు చూపించింది, చంటిబిడ్డను చూపించినట్టు. పోయే ముందు గుంత పూడ్చి, కొమ్మకున్న గుడ్డ విప్పి ముళ్లతీగ మొదలుకే కట్టింది.

ఆనాటి నుంచి నేను పొదను చూసి తీగకు పేరు పెట్టలేదు. కొన నుంచి మొదలు దాకా తడిమితేనే తీగ ఏదో తెలుస్తుంది.

మీ ఇంటి బాలింతలు చల్లగా ఉండాలి. మీ ఉయ్యాలలో బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోవాలి.