రేకు ఇంజనుకు నొసటి దీపం

మొన్న పొద్దున మిషను ముందు కూర్చుని లాగుకు పట్టీ వేస్తుంటే పక్కింటి అత్త వచ్చి గడప దగ్గర నిలబడింది. "మీ మామ పోయిండు కొడుకా," అంది. నా చెయ్యి చక్రం మీదే ఉండిపోయింది. వరస కలుపుకున్న మామే తప్ప ఆయన నాకు చుట్టం కాదు. అయినా సిద్దిపేటలో దర్జీ కొట్టు పెట్టిన నాటినుంచి ఆయన దగ్గు వినకుండా నాకు తెల్లవారలేదు. ఇప్పుడు ఆ గోడ అవతల చప్పుడు లేదు. బాధగా ఉంది.

మామ సికింద్రాబాద్‌లో రైలు ఇంజనులో బొగ్గు వేసేవాడు. అత్త మాత్రం ముసలి అత్తగారిని చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయింది. కొలిమి మంట చూసీ చూసీ ఆయన కళ్ళు పోయాయి. చూపు పూర్తిగా పోయాకే ఇల్లు చేరాడు. మన ఊరికా రైలు లేదు. అత్తకా బస్సు పడదు, గజ్వేల్ చేరకముందే వాంతులు. అలా ఆమె రైలును ఎన్నడూ చూడలేదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ గట్టిగానే అడిగింది.

"నేనీడ ఒక్కదాన్ని పడి ఉంటే, నువ్వాడ గన్నేండ్లు ఏం సూస్కుంట కూసున్నవో నాకు తెల్వద్దా?"

మామ ముద్ద కలపడం ఆపి, "సూపెడ్త," అన్నాడు. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికే ఆ తర్వాత ఆయన పడిన పాట్లన్నీ.

రేకు డబ్బాలకు మాటు వేసే అతను మా వీధిలోనే ఉండేవాడు. మామ చెబుతుంటే అతను కత్తిరించి, అతికించి, జానెడు ఇంజను చేశాడు. మామ దాని ముఖమంతా వేళ్ళతో తడిమి మండిపడ్డాడు.

"ఇదేందిరా, బస్సు మొకం పెట్టినవ్! ఇంజనుకు నొసట ఒక్కటే దీపం."

పాపం, అతను చూసింది మన ఊరికొచ్చే బస్సునే. అటొకటి ఇటొకటి రెండు కన్నాలు పొడిచాడు. వాటిని పూడ్చి నడినొసట కొత్త కన్నం చేసేదాకా మామ అతన్ని అన్నానికి పోనివ్వలేదు.

కన్నంలో టార్చి బల్బు, వెనక పొట్టలో ఒక సెల్లు. అవి యుద్ధం రోజులు, సెల్లు దొరకడమే గగనం. నీరసించినదాన్ని ఎండలో పెట్టి మళ్ళీ వాడేవాడు. ఇంజను నిలబడితే దీపం వెలిగేది. కదిలితే కుదుపుకు సెల్లు జరిగి ఆరిపోయేది. నిలబడ్డప్పుడు బల్బును పెదవికి ఆనించి వెచ్చదనం చూసుకునేవాడు. ఇంజను నడిచేటప్పుడు మాత్రం పక్కవాళ్ళను అడగక తప్పదు. "ఎలుగుతుందా?" అంటే వచ్చినవాళ్ళంతా జాలికొద్దీ, "మస్తుగ ఎలుగుతుంది తాతా," అనేవారు.

అత్త ఒక్కతే చేట పక్కన పెట్టి, "యాడ ఎలుగుతుంది? ఆరింది. మళ్ళ జెయ్యి," అనేది.

మొదట్లో నాకు ఆవిడ మీద కోపం వచ్చేది. మామ ముఖం మాత్రం కళకళలాడేది. "గిది మాటంటే," అని మళ్ళీ విప్పేవాడు. ఇవాళ నా కుట్టు వంకరపోతే ఎవరూ చెప్పకముందే విప్పుతున్నానంటే అది ఆ ఇంట్లో నేర్చుకున్నదే. ఆ ఇద్దరికీ నేను ఎప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఒకసారి నేనే విసిగి, "ఇంజనును ఆపి సూపెట్టరాదే మామా? నిలవెడితే మంచిగనే ఎలుగుతుందిగ," అన్నాను.

"నిలవడ్డ ఎలుగు దీపమే కొడుకా. గది ఆమె రోజూ ముట్టించేదే. మీదికొచ్చేదే రైలు."

కొన్నాళ్ళకు ఆయనే నా కొట్టుకొచ్చి, మూలనున్న పాత మిషనును తడుముతూ, "దీంట్ల దారాన్ని బిగవట్టే స్ప్రింగు ఉంటది గద, గది తీసియ్యి," అన్నాడు. ఆ స్ప్రింగును సెల్లు వెనక దూర్చాం. ఎంత ఊపినా సెల్లు కదల్లేదు.

పట్టపగలే తలుపులు మూశాం. నడింట్లో రెండు వెదురు బద్దలు పరిచాం. ఆ చివర అత్త కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఈ చివర మామ మోకాళ్ళ మీద వంగి ఇంజనును తోశాడు. గడగడమంటూ పోయింది. చీకట్లో ఆ పసుపు చుక్క సగం దూరం దాటింది, ఆరలేదు. నేను అరవబోయి ఆగాను.

అత్త చటుక్కున కాళ్ళు ముడుచుకుని, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లేచి, గోడవైపు జరిగి దారి ఇచ్చింది. ఆమె గాజులు గోడకు తగిలి గలగలమన్నాయి. ఆ చప్పుడు విని మామ రెండు చేతులూ నేలకు ఆనించి నవ్వాడు. ఎలుగుతుందా అని ఆ రోజు ఎవరినీ అడగలేదు.