చప్పుడు లేకుండా పడిన రెండో గేరు

మా ఇంటి కింది వాటాలో కిరాయికి ఉంటున్న బడి పంతులు ఈ మధ్య ఒక పాత మోటారు సైకిలు కొన్నాడు. రోజూ పొద్దున అతను బయలుదేరేటప్పుడు దాని గేరు ఇనుప సందూక మూత విడిచినట్టు కటక్కుమంటుంది. వెనకే కాలిన ఆయిలు వాసన మేడ మీదికి వస్తుంది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేస్తాను. చెప్పులో నా కుడికాలి బొటనవేలు దానంతట అదే కదులుతుంది. నిన్న ఉండబట్టలేక కిందికి దిగాను. "సారూ, దాన్ని తన్నకుండ్రి. జర ఆగి వెయ్యుండ్రి," అని ఎలా వెయ్యాలో చెప్పాను. రెండు మూడుసార్లు తిప్పలు పడ్డాక గేరు మెత్తగా పడింది. అతని ముఖం వెలిగిపోయింది. "అరె! గింత అల్కగ పడుతదా? మీకెవరు నేర్పిండ్రు పెద్దాయనా?" అని అడిగాడు. "ఎవరో, వెనకట ఒకాయన," అన్నాను. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాక అది తట్టింది. ఆయన గురించి నేను "ఎవరో" అనడం ఇది రెండోసారి.

ఆయన పేరు జలీల్ సాబ్. నిజాం రాజ్యం చివరి రోజుల్లో దేవరకొండ పసుల దవాఖానకు డాక్టరు. నేను అక్కడ డ్రెస్సర్ని. గొడ్ల పుండ్లు కడగడం, మందు పుయ్యడం, సూది వేసేటప్పుడు కొమ్ములు పట్టుకోవడం నా పని. అప్పటికే పెళ్లయి ఒక బిడ్డ తండ్రిని. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పట్నం నుంచి దవాఖానకు ఒక మిలిటరీ మోటారు సైకిలు పంపారు. అంతకుముందే ఒక కోడె తన్ని జలీల్ సాబ్ కుడి మోకాలు చెడింది. ఆ బండి గేరు తొక్కాల్సింది కుడికాలితోనే. అందుకని బండి నడపడం నా మీద పడింది, వెనక కూర్చుని నేర్పడం ఆయన మీద పడింది. ఆ గేర్ల పెట్టె మహా మొండిది. నేను మడమెత్తి దాన్ని గుద్దేవాణ్ణి. గుద్దినప్పుడల్లా బండి ఎగిరేది, వెనక పెట్టెలో మందు సీసాలు గలగలలాడేవి, ఆయన మోకాలు కలుక్కుమనేది. "క్యా బేటా, గేరేస్తున్నవా, గొడ్డలేస్తున్నవా?" అనేవాడు. తిట్టేవాడు కాదు, నవ్వేవాడు. ఆ నవ్వుకే నాకు తల కొట్టేసినట్టయ్యేది.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఇంతే. పొద్దున బండి తీసేముందు క్లచ్ పట్టుకుని ఊరికే కాసేపు కిక్కు కొట్టాలి. క్లచ్ లోపల రాత్రంతా అంటుకుపోయిన పళ్లేలు విడతాయి. గేరు మార్చేముందే పాదం మీటను ఆనుకుని ఉండాలి, బరువు వెయ్యకూడదు. ఎక్సిలేటర్ తగ్గించి, క్లచ్ పట్టి, అప్పుడు పాదం దించాలి. మధ్యలో ఒక్క క్షణం ఆగాలి. చెప్పినప్పుడు తలూపాను గాని ఆ ఆగడం నాకు చేతకాలేదు. ఒకనాడు చందంపేట దిక్కు ఒక రైతు ఇంట్లో ఆవు ఈనలేక పడి ఉందంటే వెళ్లాం. జలీల్ సాబ్ దూడ ముందుకాళ్లకు తాడు కట్టి నా చేతికిచ్చాడు. నేను బలమంతా పెట్టి గుంజబోయాను. ఆయన నా వీపు మీద అరచెయ్యి పెట్టి ఆపాడు. "అది ముక్కినప్పుడు గుంజాలె బేటా, నీకు తొందరున్నప్పుడు గాదు." అరచెయ్యి అలాగే ఉంచి, ఆవు కడుపు బిగిసినప్పుడల్లా మెల్లగా నొక్కాడు. నొక్కినప్పుడు గుంజాను, వదిలినప్పుడు ఆగాను. దూడ జారి గడ్డి మీద పడింది. తిరుగు దారిలో బండి మీద కూడా ఆయన అదే చేశాడు. ఇంజను మోత విని, గేరు మార్చాల్సిన చోట వీపు మీద నొక్కేవాడు. ఆనాటి నుంచి నా గేర్లు మెత్తబడ్డాయి. ఒక్క మొదటి గేరు నుంచి రెండో గేరుకు మాత్రం, ఎంత ఆగినా, కటక్కుమనకుండా ఎన్నడూ పడలేదు.

అవి మంచి రోజులు కావు. ఊళ్లలో కమ్యూనిస్టుల సంఘం వాళ్లు దొరల గడీల మీదికి లేచారు. నిజాం తరఫున రజాకార్లు ఊళ్ల మీద పడి తగలబెడుతున్నారు. ఒక సాయంత్రం మేము తిరిగి వస్తుంటే రజాకార్ల గుంపు దారికి అడ్డం నిలబడింది. నా అంగీ మీద ఎద్దు పుండు కోసినప్పటి నెత్తురుంది. సంఘం వాళ్లకు కబుర్లు మోసేవాడినని అనుమానించి, ఒకడు తుపాకీ మడమతో నా భుజం పొడిచి దిగమన్నాడు. నా వీపు మీది అరచెయ్యి కదలలేదు. "వీడు నా మనిషి," అన్నాడు జలీల్ సాబ్. "వీణ్ణి దించుతే నన్ను గూడ దించుండ్రి. మల్ల మీ బర్రెలకు దూడ అడ్డం తిరిగితే నా కాడికి రావొద్దు." వాళ్లలో ఒకడు నవ్వాడు. దారి ఇచ్చారు. నేను గేరు వేస్తే బండంతా అదిరింది. కొంత దూరం పోయాక, "భయపడ్డవా?" అన్నాడు. "పడ్డ సాబ్." "తెలిసింది. నా మోకాలు చెప్పింది. భయం కాళ్లలకే దిగుతది బేటా. ముందు కాలును సముదాయించాలె."

తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం లొంగిపోయాడు. మా వీధిలో అందరం సంతోషించాం, నేనూ సంతోషించాను. కాని కొద్ది రోజులకే రజాకార్ల పేరు చెప్పి, వాళ్లతో ఏ సంబంధం లేని తురకోళ్లను కూడా పట్టుకుపోవడం మొదలైంది. జలీల్ సాబ్ కూతురు పాలమూరులో అత్తవారింట నిండు చూలాలు. తల్లి లేని పిల్ల. కాన్పుకు దగ్గరుంటానని ఆయన మాట ఇచ్చాడు. "నన్ను పాలమూరుల దించుతవా?" అని నన్ను అడిగాడు. అప్పటిదాకా నన్ను ఆయన ఏదీ అడిగి ఎరుగడు. దించుతానన్నాను. నా భార్య గొణిగింది. "పట్టుకుంటే మా గతేంది?" అంది. బయలుదేరేముందు, "సాబ్, తలకు రుమాలు చుట్టుకోండ్రి, గుర్తువట్టరు," అన్నాను. "ముఖం దాచుకుంటే రేపు ఎద్దులు గూడ గుర్తువట్టయి," అని నవ్వి, ఎప్పటి ఖాకీ కోటే వేసుకుని, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు.

డిండి వాగు దాటే చోట సైనికులు బండి ఆపారు. పక్కన కాంగ్రెసోళ్ల తెల్లటోపీ పెట్టుకున్న స్థానికుడొకడు వాళ్లకు మనుషులను గుర్తుపట్టి చెబుతున్నాడు. దారి పక్క చెట్టు కింద కొందరిని వరుసగా కూర్చోబెట్టారు. వాళ్ల చేతులు తమ అంగీలతోనే వెనక్కి కట్టేసి ఉన్నాయి. తెల్లటోపీ మనిషి జలీల్ సాబును ఎగాదిగా చూసి, "ఎవడు వీడు? రజాకారా?" అని నన్నడిగాడు. "కాదు, పసుల డాక్టరు, నాకు బాగ తెలుసు," అంటే సరిపోయేదో లేదో ఈనాటికీ నాకు తెలియదు. సరిపోయేది కాదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నమ్మకం కుదరలేదు. ఎందుకంటే నేను ఆ మాట అని చూడలేదు. చెట్టు కింద కట్టేసిన చేతులను చూశాను. "ఎవరో. దారిల చెయ్యెత్తితే ఎక్కించుకున్న. నాకు తెల్వదు," అన్నాను.

నా వీపు మీది చెయ్యి లేచిపోయింది. ఆయన తనంతట తానే దిగాడు. మోకాలు వంగక, బండిని పట్టుకుని మెల్లగా దిగాడు. తెల్లటోపీ మనిషి, "వీడు నీకెరుకేనా?" అని ఆయన్ను అడిగాడు. జలీల్ సాబ్ నా దిక్కు చూడలేదు. "లేదు. ఇప్పుడే చూసిన. మంచోడు, ఎక్కించుకున్నడు," అన్నాడు. నా అబద్ధాన్ని ఆయన అలా నిలబెట్టాడు. నన్ను పొమ్మన్నారు. బండి వెనక్కి తిప్పాను. ఎదురుగా ఎత్తు. గేరు కటక్కుమంటే సైనికులు మళ్లీ పిలుస్తారేమో, ఆయన అప్పుడైనా నా దిక్కు చూస్తాడేమో అని నా ప్రాణమంతా కాలి కొసలో ఉంది. పాదం ఆనించాను. మోత తగ్గించాను. క్లచ్ పట్టాను. ఒక్క క్షణం ఆగాను. రెండో గేరు చప్పుడు లేకుండా పడింది. ఆ బండి మీద అంత మెత్తగా అది పడడం అదే మొదటిసారి. ఆయన నేర్పిన విద్య నాకు పూర్తిగా వచ్చింది ఆయన్ను వదిలి పారిపోతున్నప్పుడు. ఇంటికి వచ్చాక, "దించి వచ్చినవా?" అంది నా భార్య. "దించిన," అన్నాను.

ఆయన్ను చాన్నాళ్లు జైల్లో ఉంచి వదిలారు. నౌకరీ పోయింది. మనవడు పాకే వయసుకు వచ్చాకే ఆయన వాణ్ణి చూశాడని విన్నాను. ఆపైన ఎంతో కాలానికి గాని పాలమూరు పోయే ధైర్యం నాకు రాలేదు. పెంకుటింటి అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని, ఎవరిదో మేక గిట్ట గీకుతూ కనిపించాడు. నన్ను చూసి కూర్చోమన్నాడు. లోపలికి కేకేసి చాయ్ తెప్పించాడు. నేను దారి పొడవునా మాటలు కూర్చుకునే వచ్చాను. ఆయనే అన్నాడు, మేక కాలు వదలకుండా, "ఆ దినం సెకండు గేరు మంచిగ పడ్డది బేటా. సప్పుడే ఇనరాలె." ఎత్తిపొడిచాడో, మెచ్చుకున్నాడో, లేక గుర్తున్నది గుర్తున్నట్టు అన్నాడో ఆ ముఖంలో నాకు దొరకలేదు. ఆ క్షణాన కాళ్ల మీద పడాల్సింది. "మాఫ్ చెయ్యుండ్రి సాబ్" అన్న మూడు మాటలైనా అనాల్సింది. నేను చాయ్ తాగాను. "పొద్దున బండి తీసేముందు క్లచ్ పట్టి పళ్లేలు ఇడిపిస్తున్నవా?" అని అడిగితే, "ఇడిపిస్తున్న సాబ్," అన్నాను. లేచి వచ్చేశాను. మళ్లీ పోలేదు. ఆయన పోయిన సంగతి కూడా ఎవరో చెబితేనే తెలిసింది.

ఆ తర్వాత నేను చాలా బండ్లు నడిపాను. గేర్లు మెత్తగా వేస్తానని నాకు పేరు వచ్చింది. ఎవరు మెచ్చుకున్నా వీపు మీద ఆ చెయ్యి లేచిపోయిన చోటు చల్లబడుతుంది. ఇవాళ పొద్దున పంతులు బండి తీసే వేళకు నేను ముందే గేటు దగ్గర నిలబడ్డాను. అతను క్లచ్ పట్టి కిక్కు కొడుతున్నాడు. "సారూ, నిన్న మీరడిగినదానికి తప్పు చెప్పిన," అన్నాను. అతను ఇంజను మోతలో వినబడక చెవి దగ్గరికి తెచ్చాడు. "నాకు నేర్పింది జలీల్ సాబ్. దేవరకొండ పసుల డాక్టరు. నాకు బాగ తెలుసు." అతనికి అందులో ఏమీ అర్థం కాలేదు. "అట్లనా? మంచిగ నేర్పిండు," అని నవ్వి బండెక్కి వెళ్లిపోయాడు. మూల మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. అతని రెండో గేరు కటక్కుమంది. ఎందుకో ఆ చప్పుడు వినడం నాకు హాయిగా ఉంది.