మోకాలి లోతు నీళ్లకు ఒక లెన్సు

ఇంతవరకు కాచిన దేవునికి స్తోత్రం. రాత్రంతా గోదాములో నిలబడి పనిచేసిన ఒంటికి బస్సులో కిటికీ పక్క సీటు దొరికినందుకు కూడా స్తోత్రం.

కెనడాలో టొరంటో పక్కనున్న మిల్టన్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఫొటోలు తీసేది నేనే. జూన్‌లో కరుణమ్మ ఆంటీ సరస్సులో బాప్తిస్మం తీసుకున్నారు. నేను ఒడ్డున నిలబడి, దగ్గరి లెన్సు తీసి దూరపు లెన్సు బిగించబోతున్నాను. సరిగ్గా అప్పుడే మా పాస్టర్ అయ్యగారు "ప్రార్థన చేద్దాం" అన్నారు. చిన్నప్పటి అలవాటు. ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో లెన్సు, అలాగే కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆంటీ నీళ్లలోంచి లేచి తువ్వాలు కప్పుకుంటున్నారు.

రేపు ఆదివారం ఆమె భర్త ప్రకాశరావు అంకుల్ బాప్తిస్మం.

"నా ఫొటో పోతే పోయింది బాబూ. మీ అంకుల్ నీళ్లలోంచి లేచినప్పటి ముఖం మాత్రం నాకు కావాలి. ముప్పై ఏళ్లు దానికోసమే మోకరించాను" అన్నారు ఆంటీ మొన్న.

అందుకే మధ్యలో మార్చే పనిలేని ఒక్క జూమ్ లెన్సు కోసం బయల్దేరాను. నా కెమెరాకు సరిపోయేవి రెండు అమ్మకానికి ఉన్నాయని టొరంటో అవతల ఏజాక్స్‌లో ఒకాయన ప్రకటన పెట్టారు.

శనివారం మిల్టన్ నుంచి రైలు లేదు, బస్సే. ఎనిమిదీ పదికి ఎక్కి, నిద్రపోయి, తొమ్మిదిన్నరకు టొరంటోలో దిగాను. వారాంతపు పాస్ తీసుకుంటే రోజంతా అదే చెల్లుతుంది, వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి. ఏజాక్స్ రైల్లో ఎదురుగా ఒక తెలుగమ్మాయి కూర్చుంది. గ్వెల్ఫ్ యూనివర్సిటీలో చదువుతోందట, కరీంనగర్ పిల్ల. నా మెడలో కెమెరా చూసి ఎక్కడికని అడిగితే లెన్సు సంగతి చెప్పాను, నవ్వింది.

"అంకుల్, ఫోన్ల తీస్తే అయిపాయె గదా! గిదానికి ఇంత దూరం పోతున్నరా?"

"ఫోన్‌తో తీస్తే ముఖం చుక్కంత వస్తుందమ్మా."

"మరి దగ్గరికి పోయి తియ్యిండ్రి!"

నవ్వి, కిటికీకి తల ఆనించాను. కళ్లు మండుతున్నాయి.

పదీ నలభైకి దిగి, ఇంకో బస్సెక్కి శ్రీనివాస్ గారి ఇల్లు చేరాను. హైదరాబాద్ ఆయన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రేపటి బాప్తిస్మం సంగతి వింటూ వేడి ఉప్మా పెట్టి, లెన్సులు రెండూ బల్ల మీద ఉంచారు. ఒకటి పద్దెనిమిది నుంచి మూడు వందల మిల్లీమీటర్లు, అంకె పెద్దదైతే అంత దూరం అందుతుంది. ఇంకోటి పద్దెనిమిది నుంచి నూట ముప్పై అయిదు.

"పెద్దది తీసుకోండి పాస్టర్ గారూ. వీధి చివర ఉడత మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు."

"నేను పాస్టర్ని కాదండి, ఫొటోలు తీసేవాణ్ణి."

పెద్దది బిగించి చూశాను. నిజమే, ఉడత మీసాలు కనిపించాయి. కానీ మెడకు తగిలించుకుంటే బరువుకు దాని గొట్టం దానంతటదే కిందికి జారి సాగిపోతోంది. పైగా ఇళ్లలో చేసుకునే మా ప్రార్థన కూడికలన్నీ వెలుతురు తక్కువుండే బేస్‌మెంట్లలోనే. ఆయన కూతుర్ని వాళ్ల బేస్‌మెంట్‌లో నిలబెట్టి జూమ్ చేసి తీస్తే బొమ్మ అలికినట్టు వచ్చింది. చిన్నదానితో పాప ముక్కుపుడక కూడా స్పష్టంగా పడింది. బరువు సగమే. రోజూ మెడలో వేసుకుని తిరగడానికి ఇదే. కానీ ఒడ్డు నుంచి అంకుల్ ముఖం దీనికి అందదు.

ఏది తీసుకోవాలా అని రెండూ మార్చి మార్చి బిగించి చూశాను. రైల్లో ఆ అమ్మాయి అన్నమాట గుర్తొచ్చింది. ఒడ్డునే ఎందుకు నిలబడాలి?

"చిన్నదే ఇవ్వండి" అన్నాను.

"దూరం సరిపోదేమోనండీ!"

"నేనే నీళ్లలోకి దిగుతాను."

"సెప్టెంబరు నీళ్లండీ, కాళ్లు కొయ్యబారిపోతాయి" అని ఆయన నవ్వారు. లెన్సు తుడిచి, మూతలు పెట్టి చేతికిచ్చారు.

మూడున్నర దాటింది. మిల్టన్ బస్సులో కూర్చుని ఇది రాస్తున్నాను. నడుము నొప్పి, ఒళ్లో లెన్సు. దాదాపు వంద కిలోమీటర్లు వెళ్లి తెలుసుకున్నది ఇంతే: నేను వెయ్యాల్సిన నాలుగడుగులు ఏ లెన్సూ వెయ్యదు.

రేపు పది గంటలకు అయ్యగారు "ప్రార్థన చేద్దాం" అంటారు. మోకాలి లోతు నీళ్లలో నేను కళ్లు తెరిచే ఉండాలి. నలభై ఏళ్ల అలవాటు, రెప్పలు వాటంతటవే వాలిపోతాయేమోనని భయంగా ఉంది. కాబట్టి చదువుతున్న మీరు ఎక్కడున్నా ఆ ఘడియలో అంకుల్ కోసం, ఆంటీ కోసం ప్రార్థించండి. నా బదులు కూడా మీరే కళ్లు మూసుకోండి.