రెండు సెకన్ల అబద్ధం

మా ఇంట్లో టైమెంతైందని అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేరు. హాల్లో గడియారం పది నిమిషాలు ముందుంటుంది, వంటింట్లోది ఇరవై. పడగ్గదిలోది ఎంత ముందుందో, తిప్పిన మనిషికే గుర్తులేదు. ఆ మనిషి మా ఆయన. పాతికేళ్ళుగా బస్సు డిపోలో టైమ్‌కీపర్. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా కదిలిందో రాయడం ఆయన ఉద్యోగం. అక్కడ నిమిషం తేడా వస్తే ఊరుకోడు, ఇంట్లో మాత్రం అన్నీ తప్పుడు టైములే. ఇదేం మనిషో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

డ్యూటీ దిగాక మైదానానికి వెళ్ళి దూరప్పరుగు నేర్పుతాడు. వేగంగా కాదు, మెల్లగా పరిగెత్తిస్తాడు. పరిగెడుతూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, మాట తెగితే నడవాలి. ఎవరూ వాచీ పెట్టుకోకూడదు, గీత దగ్గరున్న గడియారం వైపు చూడకూడదు. మలుపులో నిలబడి ప్రతి చుట్టుకీ ఎన్ని సెకన్లు పట్టిందో ఆయనే అరుస్తాడు. అది కూడా అబద్ధమే, అసలు టైముకి రెండు సెకన్లు కలుపుతాడు.

దీనికో కారణం ఉందట. కుర్రతనంలో పదివేల మీటర్లు పరిగెడుతుంటే ఎవరో “చాలా ముందున్నావ్” అని అరిచారు. ఈయన సంబరం పట్టలేక ఉరికి, ఇరవయ్యొకటో చుట్టులో కుప్పకూలాడు. నిజం కాళ్ళకి పడదని అప్పుడే తేల్చుకున్నాడు. శిష్యులకి అబద్ధం చెప్పే గురువేమిటని నేను చాలాసార్లు దెబ్బలాడాను. నవ్వి ఊరుకునేవాడు.

ఆ శిష్యుల్లో ఒక పొడుగమ్మాయి ఉండేది. బట్టల కొట్టులో రోజంతా నిలబడి చీరలు మడతపెట్టి, ఆ కాళ్ళతోనే పరుగుకి వచ్చేది. చుట్టుకి ఎనభై రెండు సెకన్లు దాటకుండా ఇరవై అయిదు చుట్లు పూర్తిచేస్తే జట్టులో చోటు. నాలుగేళ్ళుగా దానికోసమే కష్టపడుతోంది. ఒకరోజు మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది, ఎంత చేసినా ఎనభై నాలుగు దగ్గరే ఆగిపోతున్నానని. నా మనసు ఆగలేదు. అసలే నా నోట్లో నువ్వుగింజ నానదు.

“పిచ్చిదానా, మీ సార్ రెండు కలిపి చెప్తాడే. ఎనభై నాలుగంటే ఎనభై రెండే” అన్నాను.

కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఎవరికీ చెప్పొద్దంటే నిజంగానే ఎవరికీ చెప్పలేదు.

ఆఖరి ఎంపిక పందెం వచ్చింది. ఇంకోసారి సెలవు అడిగితే పనిలోకే రావద్దని కొట్టు యజమాని ముందే చెప్పాడు, కాబట్టి ఇదే ఆ పిల్లకి చివరి అవకాశం. నేనూ చూడ్డానికి వెళ్ళాను. మొదటి నాలుగు చుట్లూ మా ఆయన ఎనభై రెండు అని అరిచాడు. పిల్ల కాస్త నెమ్మదించింది. ఎనభై నాలుగు అన్నాడు. వేగం పెంచమని గొంతు చించుకున్నాడు, రోజూ చించుకునేదే కదా. మళ్ళీ ఎనభై నాలుగు, మళ్ళీ అదే. పిల్ల ముఖం ప్రశాంతంగా ఉంది. నేను కూడా మనసులో రెండు తీసేసుకుని నిశ్చింతగా కూర్చున్నాను.

గీత దాటాక రెండు చేతులూ పైకెత్తి నవ్వింది. తర్వాత గడియారం చూసింది. నలభై రెండు సెకన్లు ఎక్కువ. చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. ఏం జరిగిందో ఆ పిల్లకీ అర్థం కాలేదు, నాకూ కాలేదు.

తిరుగు బస్సులో మా పక్కనే కూర్చున్న పిల్లతో మా ఆయన అన్నాడు. “ఇవాళ ఒక్క అంకె కూడా మార్చలేదు. పందెం రోజు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మరి ఎందుకు కదల్లేదమ్మా నువ్వు?”

అంటే ఆ ఎనభై నాలుగు అచ్చంగా ఎనభై నాలుగే. పిల్ల నావైపు ఒక్కసారి చూసింది.

“వినపడలేదు సార్” అంది.

ఆ మర్నాటి నుంచి ఆమె మైదానానికి రాలేదు. మా ఆయన మాత్రం గొంతు పెంచే పనిలో పడ్డాడు. ఈసారి ఎవరికీ వినపడకుండా పోకూడదట. రోజూ పొద్దున ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాడు, కాచి ఇచ్చేది నేనే. తప్పు ఆయన అబద్ధానిదా, నా నిజానిదా అని ఎంత ఆలోచించినా ఎటూ తేలదు. గ్లాసు అందిస్తూ ఇవాళైనా చెప్పేద్దామని నోరు తెరుస్తాను.

“చల్లారిపోతున్నాయి, తొందరగా కానివ్వండి” అంటాను.