మా అత్తమ్మ టైర్లకు పళ్లు చూసిన రోజు

ఆ రోజుల్లో ఏ వస్తువైనా ఇంట్లోకి రావాలంటే ముందు నలుగురి నోళ్లలో నలగాలి, వాకిట్లో పంచాయితీ కావాలి, ఇంట్లో కనీసం ఒకరైనా అలిగి అన్నం మానెయ్యాలి. ఇప్పుడు మా మనవరాలు మంచం మీద పడుకుని ఫోను మీద వేలితో రాస్తే చాలు, అట్టపెట్టె గుమ్మంలో దిగుతోంది. నాకు ఆ పెట్టెను చూస్తే కొంచెం జాలి కూడా వేస్తుంది. పాపం, దాని కోసం ఎవరూ పోట్లాడుకోలేదు కదా అని. మా ఇంటికి పాత కారు టైర్లు వచ్చినప్పుడు జరిగిన హడావుడిలో సగం కూడా మా పెళ్లికి జరగలేదు (ఈ మాట మా ఆయనకు చదివి వినిపించకండి).

నేను కోదాడలో రోడ్డు పక్క ఇంట్లో పుట్టి, లారీల మోత వింటూ పెరిగినదాన్ని. చివ్వెంల దగ్గర పల్లెకు కోడలిగా వచ్చాను. దూరమంటే పెద్ద దూరం కాదు, కానీ మాటలో తేడా ఉంది. మా వైపు ప్రతి మాటకూ ఒక 'అండి' తగిలిస్తాం. నేను 'నీళ్లు కావాలండి' అంటే మా ఆడపడుచులు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు. దాంతో వచ్చిన కొత్తలోనే మాట్లాడటం బాగా తగ్గించేశాను. ఆ ఇంట్లో మాట చెల్లేది అత్తమ్మది. మామగారు తొందరగా పోతే సేద్యమంతా తనే చూసుకుంది. అన్నిటికన్నా ఎడ్లను చూడటంలో ఆమె దిట్ట. సూర్యాపేట పశువుల అంగడిలో మీసాలున్న మగవాళ్లు కూడా ఎద్దు మీద చెయ్యి వేసే ముందు ఆమెను పిలిచేవాళ్లు. ఆమె నోరు తెరిపించి పళ్లు చూసేది, సుడులు చూసేది, నడిపించి వెనక నుంచి చూసేది. చివరికి అమ్మేవాడి ముఖం కూడా ఒకసారి చూసేది.

మా ఇంట్లో ఒక జత ఉండేది, ఎర్రోడు, మైలోడు. మామగారు చివరిసారి అంగడికి వెళ్లినప్పుడు తెచ్చిన కోడెలు. నేను కాపురానికి వచ్చేసరికి ముసలివైపోయాయి. మాది ఇనుప పట్టా వేసిన కొయ్య చక్రాల బండి. అది ఉత్తగా లాగినా బరువే. వడ్ల బస్తాలు వేసుకుని సూర్యాపేట మిల్లుకు పోతుంటే ఎత్తు దగ్గర ఎర్రోడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆ సాయంత్రం మా ఆయన ఈ జతను అంగడిలో అమ్మేసి వయసు జతను కొందామన్నాడు. మరుదులు సరేనన్నారు. ముసలి ఎడ్లు అంగడి నుంచి ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అత్తమ్మ కూడా కాదనలేదు. బండి నడవకపోతే ఇల్లు నడవదు కదా. లేచి కొట్టం దగ్గరికి పోయి వాటి మధ్య కూర్చుంది, అన్నానికి పిలిచినా రాలేదు.

అప్పుడు నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో గానీ, "మా అన్నయ్య మెకానిక్ షెడ్డులో పాత కారు టైర్లున్నాయండి. టైరు బండైతే ముసలి ఎడ్లయినా లాగుతాయంటండి" అనేశాను. టైర్ల సంగతికన్నా నేను అంత పొడుగు మాట మాట్లాడినందుకు ఇల్లంతా ఆశ్చర్యపోయింది. పెద్ద ఆసాముల ఇళ్లలో టైరు బండ్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. మా ఆయన మాత్రం రబ్బరును నమ్మలేమన్నాడు, ముల్లు గుచ్చుకుంటే దారిలో కూర్చోవాలన్నాడు. పైగా పుట్టింటి సరుకు అంటగడుతున్నానేమో అన్నట్టు నా వైపు ఒక చూపు చూశాడు. అత్తమ్మ కొట్టంలోంచే, "సూసొద్దం పా. సూస్తె ఏం పోతది" అంది.

మర్నాడే అత్తమ్మా, మా ఆయనా, నేనూ కోదాడ బస్సెక్కాం. అన్నయ్య కుర్చీలు వేసి, సోడాలు తెప్పించి, టైర్లను తుడిచి గోడకు ఆనించాడు. మిర్యాలగూడలో మిల్లు నడిపే ఒక షావుకారి కారువట. ఆయన ఎందుకు విడిచిపెట్టాడని అత్తమ్మ మొదటి ప్రశ్న. కొత్తవి వేయించుకున్నారండి అన్నాడు అన్నయ్య. "కొత్తయి వొచ్చినయని పాతవాటిని ఇడిసిపెడుతరా, అల్లుడా?" అంది అత్తమ్మ. మా ఆయన ఆకాశంలోకి చూశాడు.

ఆ తర్వాత ఆమె టైర్లను చూసిన తీరు మీరు చూడాల్సింది. ముందు చుట్టూ తిరిగింది. అరచేత్తో తట్టింది. కూర్చుని గాడుల్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమి, పళ్లు అరిగాయి గానీ రాలిపోలేదు, ఇంకా కొన్నాళ్లు మేస్తాయి అంది. ఇంతకు ముందు ఎంత బరువు మోసేవి, ఏ దారిలో తిరిగేవి, ఎండకు ఓర్చుకుంటాయా, రోజుకు ఎంత గాలి పడుతుంది అని అడిగింది. గాలి రోజూ పట్టనక్కర్లేదండి అంటే, తిండి తక్కువే అని తల ఊపింది. చివరికి నడిపించి చూపించమంది. పాపం అన్నయ్య రెండు టైర్లనూ రోడ్డు మీద దొర్లించాడు. ఒకటి బుద్ధిగా నేరుగా పోయింది. రెండోది ఎడమకు తిరిగి టీ కొట్టు బెంచీ కింద దూరింది, అక్కడ కూర్చున్న పెద్దమనిషి కాళ్లు పైకెత్తి టీ కాపాడుకున్నాడు. అత్తమ్మ తొణకలేదు. ఇది ఎడమ దిక్కుకు గుంజుతుంది కాబట్టి బండికి ఎడమ పక్కనే కట్టాలని తేల్చేసింది. టైరుకు కుడి ఎడమలుండవని అన్నయ్య చెప్పబోతే నేను వాడి కాలు తొక్కాను.

ఇక బేరం. అంగడిలో ఎడ్ల బేరం నోటితో చెయ్యరు. చేతుల మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్లు నొక్కి ధర చెబుతారు. అత్తమ్మ తన కొంగు అన్నయ్య చేతి మీద కప్పి వేళ్లు నొక్కడం మొదలుపెట్టింది. వాడు ఊరికే ఇద్దామనుకున్నవాడు, ఆ లెక్క వాడికి ఒక్క ముక్క తెలియదు. పెద్దావిడ చెయ్యి లాక్కుంటే మర్యాద కాదని నొక్కినప్పుడల్లా తల ఊపాడు. బేరం కుదిరిందని అత్తమ్మ లేచింది. "ఎంతకు ఒప్పుకున్నానే?" అని వాడు నన్ను మెల్లగా అడిగాడు. నాకేం తెలుసు. పైసలు మాత్రం కట్టి చూసినాకే అంది అత్తమ్మ. ఎడ్లనైనా బండికి కట్టి, బరువు లాగించి చూసి గానీ పైసలివ్వరు కదా.

ఇరుసు తయారైంది, టైర్లు బిగించారు, ఎడమ గుణంది ఎడమకే. బస్తాలు వేసి ఎర్రోడినీ మైలోడినీ కట్టేసరికి ఊళ్లో సగం మంది మా వాకిట్లో ఉన్నారు. బండి కదిలింది. అంత తేలిగ్గా కదులుతుందని నేనూ అనుకోలేదు. వీధి చివరికి పోకముందే ఎడ్లు రెండూ ఆగిపోయి వెనక్కి తిరిగి చూశాయి. అదిలిస్తే మళ్లీ నాలుగడుగులు వేసి ఆగి, మళ్లీ వెనక్కి చూశాయి. జనం నవ్వారు. మా ఆయన ముఖం మాడిపోయింది. ఈ టైర్లు మనకు అచ్చిరాలేదు, ఎడ్లను ఈ వారమే అంగడికి తోలుకుపోదాం అన్నాడు. నేను గోడకు అతుక్కుపోయాను.

అత్తమ్మ ఎడ్ల ముందుకు పోయి నిలబడింది. మైలోడి చెవి పట్టుకుని, వాడు చూస్తున్న వైపే తనూ చూసింది. "సప్పుడు లేదురా" అంది మా ఆయనతో. "పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచి ఎన్క లొడలొడ ఇనుకుంట నడిసినయ్. ఇప్పుడు బండి వస్తలేదనుకుంటున్నయ్. దాని కోసమే ఆగుతున్నయ్." ఇంట్లోకి పోయి పాత నూనె డబ్బాలో గులకరాళ్లు పోసి తెచ్చింది. ఊరంతా చూస్తుండగా దాన్ని నా చేతిలో పెట్టి, "ఎక్కు బిడ్డా, ఎన్క కూసోని ఊపు" అంది.

అలా నేను, కాపురానికి వచ్చి ఏడాదైనా నిండని కోడలిని, అత్తమ్మా మా ఆయనా ముందు కూర్చుంటే, బస్తాల మీద వెనక్కి తిరిగి కూర్చుని, ముఖం నిండా కొంగు కప్పుకుని సూర్యాపేట దాకా డబ్బా ఊపుకుంటూ పోయాను. ఊపితే ఎడ్లు నడిచాయి, చెయ్యి నొప్పి పుట్టి ఆపితే అవీ ఆగాయి. లారీల వాళ్లు హారన్లు కొట్టారు. కోదాడ బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. (కొంగు కప్పుకుంటే ఎవరూ గుర్తుపట్టరనుకోవడం నా అమాయకత్వం. మీ చెల్లెలు సూర్యాపేట రోడ్డు మీద డబ్బా వాయిస్తూ ఏదో అమ్ముకుంటోందని ఆ పొద్దే అన్నయ్యకు కబురు చేరింది.) ఎర్రోడు కూలబడిన ఎత్తు వచ్చింది. నేను కళ్లు మూసుకుని ఊపాను. కళ్లు తెరిచేసరికి ఎత్తు వెనకబడిపోయింది.

మిల్లు దగ్గర అంగడి దళారి ఒకడు ముందే కాచుకుని ఉన్నాడు. కబురు తెలిసింది కాబోలు, ముసలి ఎడ్లను అమ్ముతున్నారట కదా అన్నాడు. అత్తమ్మ ఎడ్ల మెడ మీది కాడి దించుతూ, అతని వైపైనా చూడకుండా, "ఎడ్లకేమైంది? బండి ముసల్దైంది. మార్చినం" అంది. మా ఆయన తల వంచుకుని బస్తాలు దించడంలో పడ్డాడు. అత్తమ్మ మైలోడి గంగడోలులో ముఖం దాచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తెలియక, బండి ఆగి ఉన్నా డబ్బా ఊపుతూనే ఉన్నాను.

ఆ పంట కాలమంతా డబ్బా పని నాదే. బండి కడితే చాలు, పనులు తొందరగా ముగించుకుని జడ వేసుకుని సిద్ధంగా ఉండేదాన్ని. మిల్లులో వడ్లు దించేలోగా అత్తమ్మ నన్ను బజారుకు తిప్పేది. గాజులు చూసేవాళ్లం, మిర్చి బజ్జీలు తినేవాళ్లం. అట్లా ఒకసారి తిరిగి వస్తుంటే వెనక కూర్చున్నదాన్ని బజ్జీల బరువుకు నిద్రపోయాను. మెలకువ వచ్చి చూస్తే డబ్బా ఎప్పుడో జారి ఎక్కడో పడిపోయింది. చప్పుడు లేదు. ఎడ్లు మాత్రం తలలూపుకుంటూ హాయిగా నడిచిపోతున్నాయి. కంగారుపడి, అత్తమ్మా, డబ్బా లేకపోయినా నడుస్తున్నాయండి అన్నాను.

అత్తమ్మ పగ్గాలు పట్టుకుని ముందుకే చూస్తూ, "వాటికి ఎప్పుడో అలవాటైంది బిడ్డా" అంది. "చెప్తే నువ్వు ఇంటికాడనే ఉండిపోతవని చెప్పలె."

ఇప్పుడు నాది ఆనాటి అత్తమ్మను దాటిన వయసు. ఆ కొంగు కప్పుకున్న పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎడ్లను నడిపిస్తున్నది తానేనని ఒక పంట కాలమంతా నమ్మింది, పిచ్చిది. ఆ మాట విన్నాక సిగ్గుపడి ఇంట్లో కూర్చుందా అంటే, లేదు. మరుసటి వారం బండి కడుతుంటే ఉత్త చేతులతోనే వచ్చి వెనక ఎక్కి కూర్చుంది.