ధాన్యం గది ఖాళీ చేశాం

మా మనవరాలికి ఏడేళ్లు. ఆటిజం ఉంది, మాటలు లేవు. ఈమధ్య ఆయాసం కూడా వస్తోంది. చుట్టాలొచ్చి ఇంట్లో సందడైతే చెవులు మూసుకుని ధాన్యం బస్తాల గదిలోకి పోతుంది. అక్కడ చప్పుడుండదని మేమే తలుపు దగ్గరగా వేసి వదిలేసేవాళ్లం.

ఈ రోజు పక్క రాష్ట్రంలోని గుణుపురంలో డాక్టరమ్మకు చూపించాం. ఆవిడ మా వైపు తెలుగు మనిషే, మా యాసే మాట్లాడుతుంది. వీపు మీద గొట్టం పెట్టి విని, ఆస్తమా అంది. నాకు మనసులో ఉన్నది అడిగేశాను.

"ఆటిజానికీ ఆయాసానికీ ఏటి సంబంధం అమ్మా?"

"రెండూ ఉన్న పిల్లలు కనిపిస్తన్నారు తాతా. ఎందుకో ఇంకా పూర్తిగా తేల్లేదు. అది సరే, ఆయాసం వచ్చే ముందు పిల్ల ఎక్కడుంటాది?"

గది సంగతి చెప్పాను.

"సందడి నుంచి దాసి దుమ్ములో కూసోబెట్టేరన్నమాట" అంది.

ఇంటికి రాగానే బస్తాలన్నీ అరుగు మీదికి మోయించి గది కడిగించాను. పిల్ల ఖాళీ గదంతా ఒకసారి చూసింది. తలగడ పట్టుకుని బయటికొచ్చి, బస్తాకు చెంప ఆనించి కూచుంది. ఎదురుగా రోడ్డు మీద ట్రాక్టరు పోతున్నా చెవులు మూసుకోలేదు. ఎత్తుకుందామంటే గోనె వదల్లేదు.

ఇన్నాళ్లూ దానికి నిశ్శబ్దం కావాలనుకున్నాం. గోనె గరుకు కావాలి కాబోలు. ఒక ఖాళీ గోనె దుమ్ము పోయేలా ఉతికి ఆరేశాను. ఆరాక గదిలో పరిచి చూస్తాను. మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే దేన్ని ఆనుకుని కూచుంటారో కాస్త చెప్పండి.